పగడానికి పట్టిన తెగులు

ఆదివారం. మొయినాబాద్‌లో పొద్దున్నుంచి ముసురు. ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియం అద్దాలు తుడిచాను. రెండేళ్లుగా పెంచుతున్న పగడపు కొమ్మకు మొదలు దగ్గర తోలు ఊడి, తెల్లని ఎముక బయటపడుతోంది. నీళ్లు పరీక్షించాను, లోపమేమీ దొరకలేదు.

పక్కింటి యాదయ్యన్న గులాబీలు పండిస్తాడు. వచ్చి చూశాడు.

"జాగ గిట్ల మార్చినవా తమ్మీ?"

"వెలుగు సరిపోతలేదని, ఈ వారంల నాలుగుసార్లు."

"కొమ్మ నాటి, వేరు పట్టిందా అని రోజు పీకి చూస్తే గులాబీ గూడ బతకది. తెగులు దానికి కాదు, నీ చెయ్యికి."

రోజూ లెక్కలు రాసుకునే నా పుస్తకంలో ఉప్పు, వేడి, వెలుగు అన్నీ రాసి ఉన్నాయి. నేను కదిపిన సంగతి ఒక్కటే లేదు. ఇక ముట్టనని అన్నకు మాటిచ్చాను. మీరైతే చూస్తూ ఊరుకోగలరా? ఇప్పుడే చూశాను, కాస్త పక్కకు వాలినట్టుంది. ఒక్కసారి సరిచేసి...