పళ్ళెం మరిచిన రోజు

రాజమహేంద్రవరంలో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే జోగేశ్వరరావుకి సత్యశ్రీ కూచిపూడి నాట్యమంటే ప్రాణం. ఆవిడ ఆ ఊళ్లో ఆడే రోజున మధ్యాహ్నానికే కొట్టు కట్టేస్తాడు. మడత నలగని పంచె కట్టుకుని, మొదటి వరుస చివర కూర్చుని, కళ్లు మూసుకుని గజ్జెలు వింటాడు. తరంగంలో ఆవిడ ఎక్కి ఆడే పళ్ళెం ఆయన స్వయంగా తోమి తెచ్చేదే. ఇరవై ఏళ్లుగా ఆవిడ వేరే పళ్ళెం మీద పాదం మోపలేదు. అయినా ఇద్దరి మధ్యా “నమస్కారమండి” దాటి మాట లేదు.

మొన్న కార్తీకమాసంలో ఆవిడ మొదటి అంశం ఆడుతుండగానే ఆయన కళ్లు తెరిచాడు. కుడికాలి గజ్జె ఒక్క పిసరు ఆలస్యంగా మోగుతోంది. మోకాలు! తరంగం లేకపోతే జనం ఊరుకోరు; నావల్ల కాదని ఆవిడ చచ్చినా అనదు. పళ్ళెం మీంచి పడితే మరి లేవదు. ఆయన చప్పుడు చేయకుండా బయటికి నడిచి, పళ్ళేన్ని ఆటోలో ఇంటికి పంపేసి, తెర పక్కకి వెళ్లాడు.

“పళ్ళెం ఏదండీ?” అన్నాడు సభ కార్యదర్శి.

“మర్చిపోయానండి.”

“ఏంటండీ ఇది! అన్నం తినడం మర్చిపోతారేమో గానీ, ఇది మర్చిపోతారా మీరు? హాలు నిండా జనం!”

“వయసు మీద పడింది కదండీ,” అని జోగేశ్వరరావు తల దించుకున్నాడు.

మొదటి అంశం ముగించుకుని వచ్చి పక్కనే ఉన్న సత్యశ్రీ గోడకి ఆనుకుని, అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలింది.

“పెద్దాయన్నేమీ అనకండి. ఈపూట కూర్చునే పదం అభినయిస్తాను,” అంది.

జోగేశ్వరరావు ఆవిడ మోకాలికేసి చూడకుండా, స్టూలు తెచ్చి వేశాడు.