వంకర లేని గీత

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, వానాకాలం మొదట్లో, నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఒక ఆహార కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరుగా చేరాను. అంతకు ముందు పాల శీతలీకరణ కేంద్రంలో చాలా ఏళ్లు చేశాను. చల్లదనం గురించి నాకు ఎవరూ చెప్పనక్కరలేదన్న ధీమాతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

వర్ని కాలువ కింద, మోర్తాడ్ వైపు బోరుబావుల కింద పండిన స్వీట్ కార్న్ కంకులు మా దగ్గరికి వచ్చేవి. గింజ ఒలిచి, ఉడుకునీళ్లలో ముంచి తీసి, గడ్డకట్టించి, పొట్లాలు కట్టి, అట్టపెట్టెల్లో హైదరాబాద్ పంపడం మా పని. గడ్డకట్టించిన సరుకు సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉండాలి. కర్మాగారంలో ఉన్నంతసేపు అది పెద్ద కష్టమేమీ కాదు. కరెంటు పోతే జనరేటర్ ఉంది. కష్టమంతా గేటు దాటాకే మొదలవుతుంది. బయట ఎండ, రోడ్డు పనులు, రైల్వే గేట్లు, చెక్‌పోస్టులు, దారిలో చెడిపోతే బాగుచేసే మిస్త్రీ దొరకని ఊళ్లు. మాకున్నది ఒక్కటే రీఫర్ బండి, అంటే పెట్టెకు చల్లబరిచే యంత్రం బిగించిన లారీ.

ఆ యంత్రం గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది. అది సరుకును గడ్డకట్టించదు. గడ్డకట్టిన సరుకును అలాగే ఉంచుతుంది, అంతే. పెట్టె ముందు గోడకు పైన జాలీ ఉంటుంది. పెట్టెలోని గాలి అంతా తిరిగొచ్చి ఆ జాలీలోంచి యంత్రంలోకి పోయి, చల్లబడి, కప్పు కింది నుంచి మళ్లీ తలుపుల దాకా పోతుంది. ఉష్ణోగ్రతను చూసే సెన్సర్ ఆ జాలీ వెనకే ఉంటుంది. డ్రైవర్ క్యాబిన్‌లో కనిపించే అంకె దానిదే, ప్రయాణం పొడుగునా కాగితం మీద గీత గీసే చార్టుకు ఆధారమూ అదే.

డ్రైవర్ పేరు యూసుఫ్. బోధన్ వాడు. వాళ్ల నాన్న చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లారీ నడిపేవాడట, ఇతనూ ఆ సీటు మీదే పెరిగాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇసుక తోలాడు, వడ్లు తోలాడు, చివరికి మా దగ్గరికి వచ్చాడు. మాట తక్కువ. రీఫర్ బండి నడపడమంటే తనకు ఒక ఇజ్జత్, మర్యాద అని మాత్రం ఒకసారి నాతో అన్నాడు. బోధన్ లారీ అడ్డాలో ఆ బండి తోలేవాడు అతనొక్కడే.

మా పనిలో డ్రైవర్ల మీద ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. యంత్రానికి వేరే డీజిల్ ట్యాంకు ఉంటుంది. ఊరు దాటాక యంత్రాన్ని బంద్ చేసి, ఆ డీజిల్ అమ్ముకుని, సరుకు దించబోయే ముందు మళ్లీ నడిపించేవాళ్లు ఉన్నారు. గమ్యం చేరేసరికి అంకె సరిగ్గానే కనబడుతుంది. లోపల గింజ మాత్రం కరిగి మళ్లీ గడ్డ కడుతుంది. దాన్ని పట్టుకోవడం సులభం. పొట్లం ఊపితే గింజలు గలగలమనాలి. ఇటుకలా ఒక్క ముద్దగా ఉంటే దారిలో కరిగినట్టు లెక్క.

ఆ ఏడు దసరా నాడు పొద్దున ఆయుధ పూజ చేశాం. బతుకమ్మకు తెచ్చిన బంతిపూలు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు పూలు గుచ్చి మిషన్లకు, కత్తులకు, తూకం కాంటాకు, చివరికి నా థర్మామీటర్‌కు కూడా కట్టారు. వాళ్లకు పెద్ద గంగమణి. నోరున్న మనిషి, పనిమంతురాలు. బండికి ముందూ లోపలా పూలు కట్టించింది ఆమే. నేను బండి తలుపుల దగ్గర నిలబడి కొబ్బరికాయ కొట్టాను. పెట్టె వేడెక్కుతుంది, జల్ది కానివ్వమని విసుక్కున్నది కూడా నాకు గుర్తుంది. తర్వాత తలుపులు మూసి, యంత్రం నడిపి, సరుకు ఎక్కించి బండిని పంపించాం. కొత్తగా ఒప్పుకున్న పెద్ద కొనుగోలుదారుకు అది మా మొదటి లోడు.

సాయంత్రానికి హైదరాబాద్ గోదాము నుంచి ఫోన్ వచ్చింది. తలుపు దగ్గరి పెట్టెలు మెత్తబడ్డాయి, సరుకు దించుకోం అన్నారు. లోపలి దాకా చూడను కూడా చూడలేదు. బండి మర్నాడు పొద్దున తిరిగొచ్చింది.

నేను తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. హమాలీలు పెట్టెలు దించుతుంటే రెండు పెట్టెల మధ్య థర్మామీటర్ పెట్టి కొలిచాను. వెనక వరస పెట్టెలు సున్నాకు ఎనిమిది డిగ్రీలు కింద మాత్రమే ఉన్నాయి. పొట్లాలు ఇటుకల్లా ఉన్నాయి. ముందు గోడకు ఆనిన పెట్టెలు ఇంకా కొంత నయం. క్యాబిన్‌లో అంకె మాత్రం పంతొమ్మిది కింద. ఆ తర్వాత చార్టు కాగితం తీశాను. గీత ఎక్కడా వంకర లేకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా ఉంది.

అనుభవం ఉన్నవాడికి ఆ గీత చూస్తే నమ్మకం పోతుంది. దారిలో ఎండ తగిలినా, తలుపు తెరిచినా, మంచు కరిగించడానికి యంత్రం కాసేపు తనంతట తాను ఆగినా గీత వంకర పోవాలి. ఇంత తిన్నటి గీత మనిషి చెయ్యి పెడితే తప్ప రాదనుకున్నాను. యూసుఫ్‌ను పిలిచి, దారిలో మిషన్ బంద్ చేసినవా అని అడిగాను.

"చెయ్యలే సార్" అన్నాడు.

మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు. మూడోసారి గొంతు పెంచి అడిగాను. అతను తల వంచుకుని, "ఖుదా కసమ్, చెయ్యలే సార్" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మౌనాన్ని కూడా నేను తప్పు ఒప్పుకున్నట్టే లెక్క వేశాను.

రిపోర్టు రాశాను. యంత్రాన్ని దారిలో ఆపి నడిపినట్టు, చార్టు పరికరాన్ని తారుమారు చేసినట్టు తోస్తోందని అందులో ఉంది. తోస్తోంది అన్న మాట ఆఫీసు భాషలో మనల్ని మనం కాపాడుకునే మాట. చదివేవాళ్లు దాన్ని దాటేసి చదువుతారని నాకు తెలుసు. మా యజమాని ప్రసాద్ గారు వర్ని దగ్గర కాలువ భూముల్లో స్థిరపడ్డ కోస్తా కుటుంబం మనిషి. స్వతహాగా మంచివాడే. కాగితం చదివి, ఒక్కసారి విచారిద్దామా అని నేను మాటవరసకు అంటే, "ఇంకా విచారించేదేముందండీ? మీరు రాసిచ్చేశారుగా. మూసిన పెట్టెలో గింజలు వాటంతటవే కరుగుతాయా?" అన్నాడు. మధ్యాహ్నానికల్లా యూసుఫ్ దగ్గర తాళంచెవి తీసుకున్నారు. బోధన్ అడ్డాలో సాయంత్రానికి ఆ వార్త తెలిసిపోయింది. డీజిల్ దొంగ అన్న పేరు పడితే అక్కడ బండి ఇచ్చేవాళ్లు ఉండరు.

పది రోజులకు రెండో లోడు సిద్ధమైంది. కొత్త డ్రైవర్ వచ్చాడు. సరుకు ఎక్కించే ముందు ఖాళీ పెట్టెను చల్లబరచాలి. ఆ బండికి గంటన్నర పట్టేది. ఆ రోజు నేను టీ తాగి వచ్చేసరికే క్యాబిన్‌లో పద్దెనిమిది కింద అంకె కనబడింది. కొత్త డ్రైవర్ మెచ్చుకున్నాడు. "మంచి మిషన్ సార్, ఫటాఫట్ అయిపోయింది" అన్నాడు.

అంత తొందరగా చల్లబడే పెట్టెను నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. థర్మామీటర్ పట్టుకుని లోపలికి ఎక్కాను. తలుపు దగ్గర గాలి ఇంకా వెచ్చగానే ఉంది. పెట్టె చల్లబడకుండా యంత్రం ఒక్కటే చల్లబడిందంటే, గాలి పెట్టెంతా తిరగడం లేదు. సెన్సర్ తన పక్కనున్న మంచునే కొలుచుకుంటూ కూర్చుంది. అలాంటప్పుడు గీతకు వంకర ఎక్కడి నుంచి వస్తుంది?

నిజామాబాద్ నుంచి మిస్త్రీని పిలిపించాను. అతను జాలీ మరలు విప్పి కిందికి దించాడు. లోపల గొట్టాల వరస మీద బంతిపూల రెక్కలు, మామిడాకులు, దారం, అన్నీ మంచుతో కలిసి గడ్డకట్టి మందపాటి చాపలా పరుచుకుని ఉన్నాయి. జాలీకి కట్టిన మాలను యంత్రం దారి పొడుగునా కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంది. బయట వేలాడిన తోకను హమాలీలు సరుకు దించేటప్పుడు పీకి పారేశారు. నేను అప్పుడు తలుపు దగ్గర కుర్చీలో అంకెలు రాసుకుంటున్నాను.

ఈ సంగతి విని గంగమణి ప్యాకింగ్ బల్ల వదిలేసి వచ్చింది.

"నేనే కట్టిన సార్. డబ్బా మీద ఎక్కి జాలికి కట్టిన. సల్లటి గాలి ఇచ్చేది గిదే గద, అన్నిటికి పెట్టి దీనికి పెట్టకుంటే ఎట్లనుకున్న. యూసుఫన్న నౌకరి నా వల్లనే పోయిందా?"

నీ వల్ల కాదు, నా కాగితం వల్ల పోయింది అని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. నెలల తరబడి పని నేర్పిన ఆడవాళ్లకు జాలీ ఎందుకుంటుందో ఒక్క రోజు కూడా చెప్పనివాణ్ణి, ఇక ఆమెకేం చెప్పగలను?

రెండో రిపోర్టు రాశాను. మొదటి దానిలోని నిర్ధారణ తప్పని, డ్రైవర్ దోషం లేదని, లోడు చెడిపోవడానికి కారణం గాలి తిరిగొచ్చే దారి మూసుకుపోవడమని, ఈసారి తోస్తోంది అన్న మాట వాడకుండా రాశాను. ప్రసాద్ గారు చదివి కాగితం నా చేతికే ఇచ్చాడు. తర్వాత, "వెళ్లి పిలుచుకురండి. నేను కూడా ఫోన్ చేస్తాను" అన్నాడు.

కాగితం పట్టుకుని బోధన్ వెళ్లాను. యూసుఫ్ ఇంటి ముందు ఒక పాత లారీ ఆపి టైర్లకు గాలి చూసుకుంటున్నాడు. వర్నిలో ఒక రైసు మిల్లుకు వడ్లు తోలుతున్నాడట, అదీ వాళ్ల మామ పూచీ పడితే దొరికిందట. కుర్చీ తెచ్చి వేశాడు. చాయ్ తెప్పించాడు. నేను కాగితం మొత్తం చదివి వినిపించాను. పూల సంగతి వచ్చినప్పుడు తలెత్తి చూశాడు.

"ఆ మాల నేను చూసిన సార్" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో ఇంకా ఆఫీసరు దర్పం ఉందని నాకే వినిపించింది.

"ఆడోళ్లు పండుగ పూట ప్రేమతోని కట్టిండ్రు. నేను పీకితే మంచిగుండదని ముట్టలే. ఎనకకు వచ్చినంక మీరు అడిగింది మిషన్ బంద్ చేసినవా అని. బంద్ చెయ్యలేదని చెప్పిన. పూల గురించి ఎవరడిగిండ్రు?" గొంతు పెంచకుండానే మళ్లీ అన్నాడు. "అయినా మీరు గూడ ఆడనే ఉన్నరు గద సార్. కొబ్బరికాయ కొట్టింది మీరే. చూసిండ్రనుకున్న."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పనిలోకి రమ్మని అడిగాను. యజమాని కూడా రమ్మన్నాడని చెప్పాను. అతను ఆ మాట పక్కన పెట్టి, మొదటి కాయితం చింపేసిండ్రా అని అడిగాడు. ఆఫీసు ఫైలులో ఎక్కిన కాగితాన్ని చింపకూడదని, రెండూ వరుసగా ఉంటాయని, రెండోది చదివినవాడికి నిజం తెలుస్తుందని చెప్పాను. నియమం అదే. నేను అబద్ధం చెప్పలేదు.

"అయితే అది గూడ ఉంటదన్నట్టు" అన్నాడు.

తర్వాత చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు. మా దగ్గరికి మళ్లీ రాలేదు. ప్రసాద్ గారు రెండుసార్లు ఫోన్ చేసినా, వడ్ల సీజన్ అయిపోనివ్వండి అని మర్యాదగా తప్పించుకున్నాడు. ఆ తర్వాత నాలుగైదు సీజన్లు గడిచాయి.

యంత్రం సంగతి సరిచేయడం పెద్ద పనేమీ కాలేదు. జాలీకి ఎర్ర రంగు వేయించి, దీనికి ఏదీ కట్టరాదని రాయించాం. గంగమణికి, ఆమె మనుషులకు బండి లోపలికి ఎక్కించి గాలి ఎటు పోయి ఎటు వస్తుందో చేతులు పెట్టించి చూపించాను. మరుసటి దసరాకు ఆమె పూలను బండి బయట అద్దానికి కట్టి, ఈసారి చూసుకోండి సార్ అని నన్ను పిలిచి చూపించింది. వెనక తలుపు దగ్గర రెండో సెన్సర్ పెట్టించాం.

సెన్సర్ తానున్న చోటు సంగతే చెబుతుందని నాకు ముందే తెలుసు. కొత్తవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు మొదటి రోజే చెప్పేవాణ్ణి. నాకు తెలియనిది వేరే ఉంది. విచారణలో నేను అడిగిన ప్రశ్నకు అవును, కాదు అన్న రెండు జవాబులే పట్టేవి. ప్రయాణమంతా ఆ పెట్టెతో ఉన్న మనిషికి అంతకంటే ఎక్కువ తెలుసు, నేను అడగలేదు. అందుకే నా చెకింగ్ కాగితంలో అంకెల కంటే ముందు ఒక గడి చేర్చాను. బండి తిరిగొచ్చాక థర్మామీటర్ తీయకముందే, దారిలో ఏమేం చూసినవని డ్రైవర్‌ను అడిగి, అతను చెప్పింది అతని మాటల్లోనే అందులో రాసేవాణ్ణి. రిటైరయ్యే రోజు దాకా ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టలేదు.