తూము దగ్గర నిలబడ్డ మనిషి

మా మాస్టారు పోయారు. గురువారం పొద్దున పటమటలో నా పళ్ళ క్లినిక్ షట్టరు ఎత్తుతుండగా గోల్ఫ్ గ్రౌండు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. తెల్లవారుజామున నమాజుకి లేచి, చేతులూ ముఖమూ కడుక్కుంటూ అలాగే ఒరిగిపోయారట. "మాస్టారు ఇంక లేరండీ డాక్టరు గారూ" అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక, "మధ్యాహ్నం తీసుకెళ్తారంటండీ" అని పెట్టేశాడు. దవడ పట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దావిణ్ణి రేపు రమ్మని పంపేసి, లోపలికెళ్ళి రోగులు కూర్చునే కుర్చీలో కూలబడ్డాను. నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆదివారం మూడో నంబరు దగ్గర తూము పక్కన ఎవరు నిలబడతారా అని. ఛీ, మనిషి పోతే ఇదా ఆలోచన! కానీ వచ్చింది అదే, దాచుకోను.

కొండపల్లి దగ్గర ఒక కాలనీ వెనకాల తొమ్మిది హోల్స్ గోల్ఫ్ మైదానం ఉంది. టీవీలో చూసే పచ్చని తివాచీ ఏమీ కాదు. బంతి దొర్లి గుంటలో పడాల్సిన చోట మాకు గడ్డి ఉండదు, నూనె కలిపి చదును చేసిన ఇసక ఉంటుంది. అప్పుడప్పుడూ గేదెలు కూడా మాతో పాటు ఆడతాయి. యాభయ్యో ఏట నాకు షుగర్ వస్తే, ఆ కాలనీలో ఉండే మా బావమరిది, "ఉత్తినే నడవడం ఎందుకు బావా, బంతి వెనక నడువు" అని లాక్కుపోయాడు. అక్కడ దొరికారు మాస్టారు.

ఆయన ఉద్యోగం మైదానం చూసుకోవడం. ఆట నేర్పడం ఉద్యోగంలో లేదు, ఆయనకి అలవాటు. సన్నగా, పొడుగ్గా, మే నెల ఎండలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకున్న ఫుల్ చేతుల చొక్కా, ఎడమ బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో పెద్ద మైదానంలో పనిచేశారట. ఆటగాళ్ళకి బాగా ముందు, బంతులు పడేచోట నిలబడి, ఏది ఎక్కడ పడిందో చూసి చెప్పే పని. "మీరందరూ బంతి పోవడం చూస్తారండీ, నేను రావడం చూసినోణ్ణి" అనేవారు. నేను నవ్వేసేవాణ్ణి.

ఇక మూడో నంబరు, అంటే మూడో గుంట. మొదటి దెబ్బ కొట్టే చోటు ఒక చిన్న మిట్ట మీద ఉంటుంది. ఎడమ పక్క పొడుగునా వాగు. కుడి పక్క కాలనీ రోడ్డు, దానికి గోడా లేదు, కంచే లేదు. పాల సైకిళ్ళూ, ట్యూషన్ పిల్లలూ, వాకింగ్ జనమూ అన్నీ దాని మీదే. నా బంతికేమో కుడికి తిరిగిపోయే రోగం. ఎంత సూటిగా కొట్టినా చివర్లో అటే ఒంగుతుంది. రోడ్డుకి భయపడి ఎడమకి తిరిగితే వాగు కనిపిస్తుంది. వాగుకి భయపడి చేతులు బిగిస్తే బంతి రోడ్డు మీదికి పోతుంది. శనివారం సాయంత్రం నుంచే నేను మూడో నంబరు గురించి సణగడం మొదలుపెట్టేవాణ్ణి. మా ఆవిడ, "అంత భయమైతే మానెయ్యొచ్చుగా, ఎవరన్నా రమ్మని ఏడ్చారా?" అనేది.

మొదటిసారి ఆ మిట్ట మీద నిలబడి, "ఏం కాదంటారా మాస్టారూ?" అని అడిగాను. రోజూ పాతికమంది రోగులకి నేను చెప్పే మాటే అది. ఆయన ఆ మాట అనలేదు.

"ఎందుక్కాదండీ, అవ్వొచ్చు" అన్నారు. "ముందు చెప్పండి, దేనికి భయం మీకు?"

"రెంటికీ."

"రెంటికీ భయపడితే ఎట్టాగండీ? ఒక్కదానికే పడండి. వాగులో పడితే బంతి పోద్ది. రోడ్డు మీద పడితే మనిషి పోతాడు. ఇంక వాగు సంగతి ఒదిలేయండి. ఇచ్చేద్దాం దానికో బంతి."

అలా మొదలైంది నా చదువు. బంతిని మిట్టకి కుడి చివర, రోడ్డు వైపు పెట్టించేవారు. నేను ఎగిరిపడ్డాను, ఆపద పక్కకే పోయి నిలబడమంటారేమిటని. అక్కడ నిలబడి ఎడమకి గురి చూస్తే రోడ్డు మీ చూపులోంచి పోద్దండీ, ఎడం చివర నుంచి చూస్తే అదే కళ్ళల్లో పడుద్ది అని చెప్పి, రెండు చోట్లా నిలబెట్టి చూపించారు. నిజమే. ఎడమకి అంటే ఉత్త ఎడమకి కాదు, వాగు అవతలి తుమ్మచెట్టు ఎడం కొమ్మకి. బంతి తిరిగితే మధ్యలో పడుతుంది, తిరక్కపోతే వాగులో పడుతుంది, రోడ్డుకి మాత్రం పోదు. పెద్ద కర్ర సంచిలోంచి తియ్యనిచ్చేవారు కాదు. దూరం పోతే ఆపద కూడా దూరం పోద్దండీ, పొట్టిదానితో కొట్టి రెండో దెబ్బకి చూసుకుందాం అనేవారు. ఇంక నాకు వేరే జబ్బు ఒకటి, బంతి మీదికి వంగి నిమిషాల తరబడి ఆలోచించడం. "అక్కడ కాపురం పెట్టకండి డాక్టరు గారూ! అనుకునేదేదో ఇవతలే అనుకుని, వెళ్ళి కొట్టేసి వచ్చేయండి."

ఇంత చెప్పి, ఆయన మిట్ట దిగి నడుచుకుంటూ పోయేవారు. నూట డెబ్బై అంగలు పైనే ఉంటుంది, రోడ్డు పక్కన సిమెంటు తూము. నా బంతి తప్పిపోతే పడే చోటు సరిగ్గా అదే. అక్కడ నిలబడి, రోడ్డు మీద వచ్చేవాళ్ళని ఆపి, ఖాళీ అయ్యాక చెయ్యి ఎత్తేవారు. అప్పుడు నేను కొట్టాలి.

మూడేళ్ళు బాగానే గడిచింది. ఒక ఆదివారం మా బావమరిది ఆఫీసు వాళ్ళు నలుగురు కొత్తగా వచ్చారు. నలుగురి ముందూ పొట్టి కర్ర తియ్యడానికి నాకు నామోషీ అనిపించింది. పెద్దది తీశాను. అంత దూరం నుంచి కూడా మాస్టారికి తెలిసిపోయింది. ఎత్తిన చెయ్యి అడ్డంగా ఊపారు, వద్దని. చూశాను. చూసి కూడా కొట్టాను.

బంతి కుడికి తిరిగింది. ఆయన వెనక రోడ్డు మీద స్కూటర్ మీద ఒకావిడ, ముందు నిలబెట్టుకున్న పిల్లతో ఆగి ఉంది. మాస్టారు పక్కకి తప్పుకుని ఉండొచ్చు. తప్పుకోలేదు. మెడకీ భుజానికీ మధ్య తగిలి, తూము మీద కూర్చుండిపోయారు. అందరూ పరిగెత్తారు. నేను మాత్రం మిట్ట మీదే చతికిలబడ్డాను. ఎముక విరిగింది. నా కార్లో బెజవాడ తీసుకెళ్తుంటే, చెమటలు కారిపోతూ, "తగలడం మాత్రం శుభ్రంగా తగిలిందండీ బంతి. మంచి దెబ్బ" అన్నారు. నాకు నవ్వు రాలేదు, ఆయన్ని చంపేస్తున్నాననుకున్నాను.

ఆ తర్వాత నేను అటు వెళ్ళలేదు. ఆ భయం అక్కడితో ఆగితే బాగుండేది, క్లినిక్‌లోకి కూడా వచ్చేసింది. చిగురు దగ్గరికి సూది తీసుకెళ్ళేసరికి వేళ్ళు వణికేవి. బంతి తిరిగినట్టు సూది తిరుగుతుందని, నాలుక తెగుతుందని, నరం తెగుతుందని. ఒక పిల్లాడి నోట్లో అద్దం జారవిడిచాను. పళ్ళు తీసే పనంతా జూనియర్‌కి అప్పజెప్పి, నేను శుభ్రం చెయ్యడాలూ మందులు రాయడాలతో సరిపెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్ళ ప్రాక్టీసు మూసేసుకోవాల్సిందేనా అని మా ఆవిడకి కూడా చెప్పకుండా లోపల్లోపల చచ్చిపోయేవాణ్ణి.

రెండు నెలలకి, కుడి చెయ్యి మెడలో గుడ్డకి వేలాడేసుకుని, మాస్టారే వచ్చారు.

"పన్ను పీకించుకోవాలండీ."

"మా జూనియర్ చూస్తాడు మాస్టారూ, చాలా బాగా తీస్తాడు."

"జూనియర్ కోసం కొండపల్లి నుంచి బస్సెక్కి రాలేదండీ నేను."

నోరు తెరిస్తే ఎడమ కింది దవడ పన్ను గుల్ల. ఎన్నో ఏళ్ళ నాటి పుచ్చు. లవంగం అలవాటు కాదు, మందు. వారం వారం ఆ బుగ్గ చూస్తూ కూడా నాకు తట్టలేదు, నేనొక పళ్ళ డాక్టర్ని! మందు ఎక్కించిన సూది చేత్తో పట్టుకున్నాను. అది నా కళ్ళముందే గజగజ వణుకుతోంది. ఆయన దాన్నే చూస్తున్నారు. అలవాటు కొద్దీ, "ఏం కాదు మాస్టారూ" అన్నాను.

"అవ్వొచ్చండీ" అన్నారు. "దేనికి భయం మీకు? నా దవడకా, ఈ భుజానికా?"

నేను ఆయన మెడలో గుడ్డ వైపు చూశాను.

"భుజం అయిపోయింది డాక్టరు గారూ. దాన్ని ఒదిలేయండి. దవడకి భయపడండి, చాలు."

కొళాయి తిప్పి, చేతులు మళ్ళీ కడుక్కున్నాను. ఎక్కడ గుచ్చాలో కుర్చీకి ఇవతలే నిలబడి అనుకున్నాను. వెళ్ళి గుచ్చాను. పన్ను వచ్చింది. నా చొక్కా వీపంతా తడిసిపోయింది, ఆయన కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి. దూది కరిచిపట్టుకుని, ముద్దముద్దగా, "ఆదివారం రండి. తూము దగ్గరుంటా" అన్నారు.

"ఇంకెక్కడన్నా నిలబడండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను."

"ఇంకెక్కడన్నా నిలబడితే రోడ్డు కనపడదు కదండీ" అంటూ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

వెళ్ళాను. పొట్టి కర్రతో కొట్టాను. బంతి తిన్నగా వాగులోకి పోయింది. ఆయన తూము దగ్గర నుంచి బాగున్న ఎడం చెయ్యి ఎత్తి, సెంచరీ కొట్టినట్టు ఊపారు. ఆ రోజు నుంచి మొన్నటి ఆదివారం దాకా, ఏడేళ్ళు, నేను మూడో నంబరు కొట్టిన ప్రతిసారీ ఆయన అక్కడే నిలబడ్డారు. నా భయం పూర్తిగా ఎప్పుడూ పోలేదు. ఆయనకి మాత్రం అసలు భయమనేదే లేదని, కొందరు పుట్టడమే అలా పుడతారని అనుకునేవాణ్ణి.

మూడో రోజున కొండపల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య పరాయి మగవాళ్ళ ముందుకి రాకూడని రోజులు కాబట్టి లోపలి గదిలో ఉన్నారు. మైలవరంలో టీచరుగా చేసే కూతురు నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి కూర్చుంది. కాసేపు ఏవేవో మాట్లాడాక, "మీరొస్తారంటే ఆదివారం నాన్న గారు టిఫిన్ ముట్టేవారు కాదండీ" అంది.

"ఎందుకమ్మా?"

"భయమండీ. తింటే అక్కడ కడుపులో తిప్పుద్ది అనేవారు."

"నేనంటేనా?"

"మీరంటే కాదండీ, మీ బంతంటే. దెబ్బ తగిలిన కాడి నుంచీ అంతే. అమ్మ మానెయ్యమని పోరేది. నేను మానేస్తే డాక్టరు గారు మానేస్తారే అనేవారు నాన్న." కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కొంచెం నవ్వింది. "సూదన్నా అంతేనండీ. మీ క్లినిక్‌కి వచ్చిన రోజు స్టాండులో రెండు బస్సులు ఒదిలేసి మూడో బస్సెక్కారంట."

నేను ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఆయన మీద. ఒక్క మాట చెబితే ఏం పోయింది మహానుభావా! ఏడేళ్ళు నన్ను కొట్టనిచ్చారు కదా మీ మీదికి.

తర్వాతి ఆదివారం ఐదుగురం కలిశాం. అందులో ఒకావిడ బ్యాంకు ఆఫీసరు, మాస్టారి దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టి నెలే అయింది. ఆవిడ బంతికి కూడా నా బంతి రోగమే. మూడో నంబరు మిట్ట మీద, కుడి చివర, పొట్టి కర్రతో, అన్నీ ఆయన చెప్పినట్టే నిలబడింది. తూము వైపు చూసి ఆగిపోయింది.

"అక్కడ ఎవరూ లేరు కదండీ. నేను కొట్టను" అంది. కర్ర నేలకి దించేసింది.

మా బావమరిది, "ఇది ఒదిలేసి నాలుగోదానికి పోదాం బావా, ఏం పోయింది?" అన్నాడు. అవుననబోయాను. నిజంగానే నోటి దాకా వచ్చింది. వాడికి ఉండమని చెప్పి, మిట్ట దిగి నడవడం మొదలుపెట్టాను.

ఎన్నిసార్లు ఆ దారిన నడిచి ఉంటానో, కానీ ఎవరైనా కొట్టబోతుండగా నడవలేదు ఎప్పుడూ. తూము దగ్గరికి చేరి వెనక్కి తిరిగితే, మిట్ట మీద ఆవిడ వేలెడంత కనిపించింది. కర్ర కనిపించలేదు. పాలబ్బాయి సైకిల్ వెళ్ళేదాకా ఆగి, అటూ ఇటూ చూసి, చెయ్యి ఎత్తాను. మెడా భుజమూ కలిసే చోట ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది.

అక్కడ ఆవిడ చేతులు పైకి వెళ్ళాయి, దిగాయి. చప్పుడు లేదు. కొట్టలేదేమో అనుకుంటుండగా, టక్కుమని వినిపించింది. అంటే బంతి బయల్దేరింది. తలెత్తి చూశాను. ఆకాశం తెల్లగా ఉంది, ఏమీ లేదు అందులో. ఎటు తప్పుకోవాలన్నా అది కనపడాలి కదా. రెండు చేతులూ తల మీదికి వెళ్ళిపోయాయి. ఆవిడ అక్కడి నుంచి నన్నే చూస్తూ ఉంటుందని అప్పుడు తట్టింది. చేతులు దించేసి, నిటారుగా నిలబడి, ఆ తెల్లని ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాను.