పాత్రల కొట్లాట

ఆదోనిలో కాపురం చేసుకుంటూ, పోస్టులో వచ్చే పాఠాలతో బి.ఏ. చదువుతున్నాను. సమాజశాస్త్రం జవాబు కాగితాలు పంపడానికి ఈ రోజే ఆఖరు. మూడు గంటల తపాలాలో పడకపోతే ఈ ఏడు కూడా పరీక్షకు కూర్చోనివ్వరు. ఇప్పటికే రెండేళ్లు ఇలాగే పోయాయి.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఆరుగురు చుట్టాలు చెప్పకుండా దిగారు. వాళ్ల భోజనాలయ్యాక చివరి ప్రశ్న ముందేసుకుని కూర్చున్నాను. అత్త వచ్చి ఏం రాస్తున్నావని అడిగింది.

“పాత్ర సంఘర్షణ అత్తా. పాత్రలు ఒకదాంతో ఒకటి కొట్లాడేది.”

అత్త పుట్టిల్లు సిరుగుప్ప. కన్నడం కలిసిన ఆమె మాటలో పాత్రె అంటే వంటగిన్నె.

“పాత్రెలు యాడన్నా కొట్లాడతాయా తల్లీ? ఆడ బోకులు కుప్పగా పడిండాయి. అవి తోమి రాసుకోపో.”

ఇంట్లో కోడలు, కాలేజీకి విద్యార్థిని అయిన మనిషిని ఆ రెండు పనులూ ఒకే గంటలో పిలిస్తే దాన్నే పాత్ర సంఘర్షణ అంటారని చెప్పబోయి, మానుకుని లేచాను. అంట్లు తోమి, ఆ జవాబు ముగించి పోస్టాఫీసుకు పరుగెత్తేసరికి తపాలా సంచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక అత్త ప్రేమగానే అడిగింది. “తీరిపాయనా నీ పాత్రెల కొట్లాట?”

“తీరిపాయ అత్తా. బోకులు గెలిచినాయి.”

ఆ జవాబు కాగితం వెనకే ఇది రాస్తున్నాను. పెళ్లయ్యాక చదివి గట్టెక్కిన అక్కలెవరైనా ఉంటే, ఎలా చదివారో చెప్పొద్దు. అన్నాళ్లూ మీ ఇంట్లో బోకులు ఎవరు తోమారో చెప్పండి.