తాళం వేసిన ఇళ్ళు

సదస్సులంటే నాకు ఒళ్ళు మంట. ఒక సంచీ, ఒక పెన్ను, సర్టిఫికెట్టు, మధ్యాహ్నం బిర్యానీ, ఆఖర్న గ్రూప్ ఫోటో. అంతకు మించి ఏముందని స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా అనేది నేనే. ఆదోని నుంచి రోజూ బస్సులో ఎమ్మిగనూరు పోయి కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఆరేళ్ళుగా వలసల మీద పిహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్ ఇవ్వడానికి అప్పటికి రెండు వారాలే ఉంది. సదస్సులో ఒక పేపరైనా చదివి ఉండాలన్నారు కాబట్టి హైదరాబాదు పోయాను, లేకపోతే పోయేదాన్నే కాదు.

నా పేపరు ఒక్క ముక్కలో చెప్పాలంటే, దేవనకొండ చుట్టుపక్కల పల్లెల్లో సుగ్గి తగ్గిపోయింది. మా వైపు చేలల్లో పని అయిపోయాక పిల్లాజెల్లాతో గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. చదవడం అయ్యాక చప్పట్లు కొట్టారు. ఉపాధి పనుల వల్లే తగ్గిందా అని ఒకాయన అడిగితే, అవునని దర్జాగా చెప్పాను.

భోజనాల వరుసలో నా వెనక పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నిలబడింది. రిటైరయ్యేదాకా వలస కూలీల మీదే పని చేసిందట.

"సర్వేకు ఇండ్లల్లకు ఏ నెలల పోయినవమ్మా?" అంది.

"ఫిబ్రవరిలో మేడమ్."

"తాళమేసిన ఇండ్లు కనపడలేదా?"

"చానా కనపడినాయి. వాటికి బదులు పక్కింటి వాళ్ళను అడిగినాను."

ఆమె పప్పు వడ్డించుకుంటూ నా వైపు చూసింది, అంతే. నేను ఖాళీ ప్లేటుతో అక్కడే నిలబడిపోయాను. ఫిబ్రవరిలో మా పల్లెల్లో తాళం పడిందంటే ఆ ఇంటివాళ్ళు గుంటూరులో ఉన్నారని అర్థం. పోయినవాళ్ళను వదిలేసి, ఉన్నవాళ్ళను అడిగి, ఎవరూ పోవడం లేదని రాశాను. తెలియనిదాన్నా అంటే, ఏడో తరగతి దాకా ఏటా అమ్మానాన్నలతో ఆ తోటలకు పోయినదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

గైడు సార్‌కు ఫోన్ చేస్తే తేలిగ్గా కొట్టిపారేశారు. "ఎవరూ అడగరు, ఇచ్చెయ్యమ్మా. ఇప్పుడు మొదటికి వస్తే ఇంకో రెండేళ్ళు." డిగ్రీ చేతికొస్తేనే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఆ సంగతీ గుర్తు చేశారు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. చింతపండులో గింజలు తీస్తా మొత్తం వినింది.

"మనం మిరపతోటలో ఉన్నప్పుడు గూడా ఎవురో ఒకరు రాసుకునేకి వచ్చింటారు పాపా," అంది. "తాళం జూసి, పక్కింట్లో అడిగి పోయింటారు."

థీసిస్ ఇవ్వలేదు. మరుసటి ఫిబ్రవరిలో జీతం లేని సెలవు పెట్టి గుంటూరు దిక్కు పోయాను. నా లిస్టులో కొట్టేసిన ఇళ్ళవాళ్ళు బడి మానిన పిల్లలతో సహా అక్కడ కాయలు కోస్తున్నారు.