ఆరు గంటల వార్తల్లో మా అత్త

సినిమాల్లో నాది న్యూస్ రీడర్ వేషం. మరో వేషం నాకెవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ముఖ్యమంత్రుల మరణాలు, రైలు ప్రమాదాలు, ఎప్పుడూ రాని తుఫానులు ఎన్ని చదివానో గుర్తులేదు. హీరో ఎక్కడో తన ఇంట్లో కూర్చుని టీవీలో నన్ను చూస్తాడు, సగం వాక్యంలో రిమోట్ నొక్కి ఆపేస్తాడు. ఒక్క పూట పని. రాజమండ్రి నుంచి రైల్లో హైదరాబాద్ వెళ్లి, వాళ్లిచ్చిన కోటు తొడుక్కుని, ఆకుపచ్చ గుడ్డ ముందు కూర్చుని చదివేసి వచ్చేస్తాను. సీరియళ్లలోనూ అంతే.

ఇన్నేళ్లు విసుగు లేకుండా ఎలా చేశావని అడిగేవాళ్లకు నవ్వి ఊరుకుంటాను. నిజం చెప్పాలంటే ముందు మా అత్త గురించి చెప్పాలి.

అత్త మా నాన్నకు అక్క. భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. మాది కడియం దగ్గర పల్లెటూరు. అమ్మ నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టే పనికి వెళ్తే నాకు జడ వేసి బడికి పంపింది అత్తే. తర్వాత అదే బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరింది. చిన్న తరగతుల పిల్లలు కారం తినలేరని పప్పు తాలింపు పెట్టే ముందే వాళ్లకు వేరే గిన్నెలోకి తీసేది. పెళ్లిళ్లకు కూడా పిలిచి వండించుకునేవారు.

డిగ్రీ అయ్యాక నేను రాజమండ్రిలో ఒక కేబుల్ చానల్లో వార్తలు చదవడానికి చేరాను. ఆ చానల్ యజమానే దానికి ఎడిటర్ కూడా. నాకు చదవడం నేర్పింది ఆయనే, ఆ మాట దాచను. "స్టూడియో కూలిపోతున్నా సరేనమ్మా, చేతిలో ఉన్న వార్త పూర్తి చేసి లేవాలి" అనేవారు.

ఒకరోజు సాయంత్రం ఆరు గంటల బులెటిన్ మధ్యలో ఆయనే వచ్చి కొత్త కాగితం నా ముందుకు జరిపారు. ముందుగా చూసుకునే వ్యవధి లేదు. బడిలో కుళ్లిన గుడ్లు తిని పిల్లలు వాంతులు చేసుకున్నారని మొదటి వాక్యం. రెండో వాక్యంలో మా ఊరి పేరు వచ్చింది. మూడో దాంట్లో, వంటమనిషి నిర్లక్ష్యమే కారణమంటూ, మా అత్త పేరు వచ్చింది. ఆపలేదు. చివరి వరకూ చదివాను. గొంతు కూడా వణకలేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. "టీవీలో నువ్వే చెప్పావటగా" అంది. జరిగినదంతా నేను అడిగి అడిగి తెలుసుకున్నాను. ఆ ఉదయం గుడ్లు దించుతుండగానే వాసన వస్తోందని అత్త హెడ్మాస్టర్‌కు చెప్పిందట. ఆయన గుడ్లు పంపే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, ఆ తర్వాత అత్తతో "వాసన లేనివి ఏరి ఉడకపెట్టవమ్మా, ఇవాళ్టికి ఎలాగో కానిద్దాం" అన్నాడట. పిల్లలు రెండు రోజుల్లో కోలుకున్నారు. అత్తను మర్నాడే తీసేశారు. ఆ కాంట్రాక్టరు మా ఎడిటర్ గారి బావమరిది అని నాకు హెడ్మాస్టరే చెప్పాడు, తన పేరు బయటపెట్టవద్దని బతిమాలుకుంటూ.

నేను ఎడిటర్ గారి దగ్గరికి వెళ్లాను.

"మా ఊరి బడి వార్త తప్పండి. సవరణ చదవాలండి."

"ఎవరు చెప్పారమ్మా తప్పని?"

"గుడ్లు పంపింది మీ బావమరిది గారండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ వంటావిడ నీకేమవుతుంది?"

"మేనత్తండి."

"చదివేటప్పుడు తెలీదా?"

"తెలుసండి."

"మరి అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకమ్మా? రేపట్నుంచి రానక్కర్లేదులే."

తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. ఆ ప్రశ్న మాత్రం నాలో ములుకులా దిగిపోయింది. అందులో నిజం ఉంది కాబట్టే ఆయన్ను క్షమించడం నా వల్ల కాలేదు.

అత్తను పెళ్లి వంటలకు పిలవడం మానేశారు. నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపే పనికి వెళ్లింది. నడుం నొప్పితో ఇంటికి వచ్చి పడుకునేది. అలా చూసిన ప్రతిసారీ నా పగకు ఇంకొంచెం బలం వచ్చేది. ఆ రోజుల్లోనే గోదావరి గట్టు మీద తీస్తున్న ఒక సినిమాకు వార్తలు చదివే మనిషి కావాలంటే వెళ్లాను. అలా మొదలైంది నా నటన.

రైలు ప్రయాణాల్లో మనసులో ఆ సవరణ వార్త రాసుకునేదాన్ని. మొదట్లో అందులో తిట్లు ఉండేవి, శాపనార్థాలు ఉండేవి. ఒక్కొక్కటే కొట్టేశాను. చివరికి అర నిమిషం వార్త మిగిలింది. ఎక్కడ చదువుతానో తెలియదు. చదువుతానని మాత్రం తెలుసు.

పన్నెండేళ్లు గడిచాయి. ఒక వెబ్ సిరీస్ డైరెక్టర్ ఫోన్ చేశారు. "షూటింగ్ మీ రాజమండ్రిలోనేనండి. అవినీతి మీద ఏదైనా లోకల్ వార్త కావాలి. మీకు అలవాటే కదా, మీరే రాసుకుని చదివేయండి. ఇక్కడ ఒక కేబుల్ చానల్ వాళ్ల స్టూడియో అద్దెకు దొరికింది" అన్నారు. అడ్రసు చెప్పారు. అది మా ఎడిటర్ గారి స్టూడియోనే.

ఎడిటర్ గారికి జుట్టంతా నెరిసింది. షూటింగ్ చూడటానికి భార్యను, బావమరిదిని కూడా వెంటబెట్టుకొచ్చారు. కెమెరా వెనక ముగ్గురికీ కుర్చీలు వేశారు. "మా దగ్గర తయారైన అమ్మాయేనండీ ఈవిడ" అని డైరెక్టర్‌తో గొప్పగా చెప్పారు. నేను నమస్కారం పెట్టి, పాత కుర్చీలోనే కూర్చున్నాను.

యాక్షన్ అన్నారు. మొదలుపెట్టాను.

"బడిలో పిల్లల అస్వస్థతకు వంటమనిషి కారణం కాదు. గుడ్లు వాసన వస్తున్నాయని ఆమె ముందే చెప్పారు. వాటిలోంచే ఏరి ఉడకపెట్టమని ఆమెను ఆదేశించారు. ఆ గుడ్లు పంపిన కాంట్రాక్టరు, నేరాన్ని ఆమె మీదకు నెట్టి వార్త వేసిన కేబుల్ చానల్ యజమాని స్వయానా బావా బావమరుదులు. ఆ అబద్ధపు వార్త చదివిన న్యూస్ రీడర్ ఆమె మేనకోడలు. ఆనాటి వార్తకు చింతిస్తున్నాం."

బావమరిది లేవబోయాడు. కుర్చీ కిర్రుమంది.

"ఏంటండీ ఇది?" అంటూ ఎడిటర్ గారు లేచారు.

సౌండ్ ఇంజనీరు గట్టిగా కసిరాడు. "సార్, రికార్డింగ్ అవుతోంది. కూర్చోండి!"

ఇద్దరూ కూర్చున్నారు. కుర్చీ చప్పుడు పడిందని రెండోసారి చేయించారు. ఆ టేకు మొదలయ్యే ముందు ఎడిటర్ గారి భార్య తమ్ముడి వైపు తిరిగి "నువ్వేనా?" అని మెల్లిగా అడగడం నేను విన్నాను. రెండో టేకు బాగుందన్నారు డైరెక్టర్.

"ఇంకొక్కటి చేద్దామండి, ఒకచోట తడబడ్డాను" అన్నాను. ఎక్కడా తడబడలేదు. మూడోసారి ఎడిటర్ గారి కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా విడమరిచి చదివాను. ఆ ఆనందం నాకు ఏ సినిమాలోనూ దొరకలేదు.

మేకప్ గదికి ఆయన ఒక్కరే వచ్చారు.

"ఇంత కడుపులో పెట్టుకున్నావా అమ్మా?"

"పెట్టుకున్నానండి."

"ఆవిడ మీ అత్తని అప్పుడు నాకు తెలీదు."

"వేరేవాళ్ల అత్తయితే పర్వాలేదాండీ?"

ఆయన తలుపు తీసుకుని వెళ్లిపోయారు. ఆ ముక్క తీసేయమని తర్వాత డైరెక్టర్‌ను అడిగించారట. డైరెక్టర్ నాకు ఫోన్ చేసి "నిజమాండీ?" అన్నారు. నిజమేనన్నాను. ఉంచేశారు. సిరీస్ విడుదలయ్యాక ఆ ముక్క మా వైపు ఫోన్లన్నీ తిరిగింది. బావమరిదిని ఇప్పుడు గుడ్లాయన అనే పిలుస్తున్నారు.

అత్తకు నర్సరీలో మధ్యాహ్నం అన్నాల వేళ నా ఫోన్లో చూపించాను. పక్కనున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అత్త మళ్లీ పెట్టమని, మళ్లీ చూసింది.

"బాగా చదివావే" అంది. ఫోన్ తిరిగిస్తూ, "ఆ రోజూ ఇంత బాగానే చదివావు" అంది.

నేను తల ఎత్తలేకపోయాను. అత్త చేతులు కడుక్కుని తన క్యారేజీలోంచి నాకు అన్నం కలిపి పెట్టింది.

బడివాళ్లు మళ్లీ వంటకు రమ్మన్నారు. వెళ్లనంది. ఒక ఆదివారం, అప్పట్లో జబ్బుపడ్డ పిల్లల్లో ఒకడి తల్లి మా ఇంటికొచ్చి, తప్పయిపోయిందంటూ ఏడ్చిందట.

"ఏమన్నావత్తా?" అని అడిగాను.

"ఏమీ అనలేదే. కూర్చోమని మాత్రం అనలేదు" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు అత్త మొహం వెలిగిపోయింది. నాకూ చాలా బాగుంది.