పలాశం పేరుతో దాగిన మోదుగ

ఆదిలాబాద్‌లోని తమ కళాశాల తోటలో చెట్టుచెట్టుకూ ఒక పేరురాయి నిలపాలని నా పూర్వ విద్యార్థిని సంకల్పించింది. ఆమె అక్కడ వృక్షశాస్త్రం బోధిస్తుంది. రాతిపై చెక్కిన క్యూఆర్ కోడ్‌కు ఫోను చూపితే ఆ చెట్టు ముచ్చట నా గొంతులో వినిపిస్తుంది. రాళ్లు మా కరీంనగర్‌లో నా మిత్రుడి గ్రానైట్ కార్ఖానాలో సిద్ధమయ్యాయి. కోడ్‌లన్నీ ఒక వెబ్‌సైటులో, ఆమె పెట్టిన పేర్లతోనే ఉన్నా, కుప్పగా పడి ఉండేవి.

రాళ్ల బండి బయలుదేరిన ఉదయం ఆ కుప్పను చక్కదిద్ద కూర్చున్నాను. పుష్పవృక్షములు, ఫలవృక్షములు, ఔషధవృక్షములు అని ఫోల్డర్లు చేశాను. తెలుగు పంతులుగా పట్టుకున్న నిఘంటువుల అలవాటు ఊరుకోనివ్వక చెట్ల పేర్లను సైతం సంస్కరించాను. మోదుగ పలాశమైంది, ఇప్ప మధూకమైంది, నేరేడు జంబువైంది. తుడిచిన పలకలా పుట శుభ్రపడింది.

మధ్యాహ్నం ఆమె ఫోను.

“సార్, కోడ్‌లన్ని ఏడ వోయినయి? మోదుగ అని కొడ్తే ఏం లేదంటున్నది. ఇప్ప గూడ కనవడ్తలే. తీసేసిండ్రా ఏంది?”

“తీసెయ్యలేదమ్మా, సర్దిన.”

“సర్దితె కనవడాలె గద సార్! రేపు ప్రిన్సిపల్ సారు అందరి ముంగట ఫోన్ వెట్టి జూస్తడు. కోడ్ పోతే బండలన్ని మూగవే. మల్ల చెక్కిస్తరా మీరు?”

ఆ వెబ్‌సైటును నేను తెలుగులోనే వాడతాను. అందులో ‘తరలించు’, ‘తొలగించు’ అన్న మాటలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండూ తకారంతోనే మొదలై ఒకే తీరున ముగుస్తాయి. నేను నొక్కినది ఏది? తెరపై పేర్లు కనిపించినా, కోడ్ పలుకుతుందో లేదో రాయిని అడిగితే గాని తేలదు.

అంచు విరిగిందని మోదుగ రాయిని ఒకదాన్ని కార్ఖానాలోనే వదిలేసి, దాని బదులు మరొకటి చెక్కి పంపిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. రెండింటిపైనా కోడ్ ఒకటే. ఆటో ఎక్కి వెళ్లాను. కార్ఖానా యజమాని, చిరకాల మిత్రుడు, నా ముఖం చూసి కుర్చీ జరిపాడు.

“ఎందుకు పరేషాన్ అయితుండ్రు పంతులుసాబ్? జర కూసోండ్రి” అంటూ రాతిమీది దుమ్ము తుడిచి ఫోను పట్టాడు. క్షణం గడిచింది. “మోదుగపూలు ఫాల్గునంలో...” అని నా గొంతే పలికింది.

“బండ మాట్లాడ్తున్నది! అచ్చం మీలెక్కనే, ఆపితె గూడ ఆగుతలే!” అని ఆయన నవ్వాడు. ఆ ఎగతాళి నాకు అమృతంలా తోచింది.

అక్కడినుంచే ఆమెకు ఫోను చేశాను. “పలాశం అని కొట్టు బిడ్డా.”

“దొరికింది సార్!” అన్న కేక వినబడింది. ఊపిరి పీల్చుకుని, వెంటనే దెప్పింది. “పలాశమా? గట్ల వెడ్తే ఎవలికి దొర్కుతది సార్? మా తోటమాలి మరాఠీ ఆయన, మోదుగను పళస్ అంటడు. ఆయనకొక్కనికే సమజైతది.”

ఇంటికి రాగానే మోదుగను మళ్లీ మోదుగనే చేశాను; ఇప్ప, నేరేడు కూడా తమ పేర్లకు తిరిగొచ్చాయి. మోదుగ ఉన్న ఫోల్డరుకు ‘పూల చెట్లు’ అని పేరు మార్చాను. ఫోల్డరు మారినా, పేరు మారినా రాతిమీది కోడ్‌కు ఆ మార్పుతో నిమిత్తం లేదని అప్పటికి తెలిసింది.

మరునాడు ఆమె తోటలోంచి ఫోను చేసి, దాన్ని పేరురాయి వైపు పట్టుకుంది. దూరంగా నా గొంతు మోదుగ గురించి చెబుతోంది. దానికి అడ్డుపడుతూ ఎవరో ముసలాయన సంతోషంగా, “పళస్! పళస్!” అంటున్నాడు.